మేల్కొనని లైనక్సు కంప్యూటరు



ఈ పూట నేను ముచ్చటింపదలచిన విషయము కంప్యూటరు. అందును లైనక్సు అను వ్యవస్థతో నడచు కంప్యూటరు. నిన్నటి సాయంకాలము చక్కగా పనిచేసి, తన్ను తాను సరిదిద్దుకొనుటకై క్రొత్త భాగములను దింపుకొనిన యంత్రము, మఱునాటి యుదయమున మీట నొక్కినను మేల్కొనక, నల్లని తెఱమీద నాలుగు తెల్లని పంక్తులు చూపి నిలిచిపోవుట కలదు. అట్టి సందర్భమున ఏమి చేయవలెనో, అంతకంటె ముఖ్యముగా ఏమి చేయరాదో చెప్పెదను.

వ్యాకరణము చెప్పుకొని బ్రతికిన పండితునకు ఈ యంత్రములతో పని యేమని మీలో కొందఱకు తోచవచ్చును. ఉద్యోగ విరమణానంతరము మా గ్రామ గ్రంథాలయము నా చేతికి వచ్చినది. దానితోపాటు అందలి కంప్యూటరును వచ్చినది. మీ యూళ్ళలోను గ్రంథాలయముననో, సహకార సంఘముననో, పాఠశాలలోనో ఇట్టిదొకటి యుండును. అది మొరాయించినపుడు పట్టణమునుండి యెవరినో పిలువనంపుదురు. వచ్చినవాడు ఏమి చేయుచున్నాడో తెలిసికొని, చేయరాని పనికి పూనుకొనినచో చేయి పట్టుకొని ఆపగలిగినంత జ్ఞానము పెద్దలకు ఉండవలెను. నా ప్రసంగమునకు ప్రయోజన మింతే.

ముందుగా ఒక్క మాట. యంత్రము మేల్కొనకపోవుట వేఱు, అందున్న వ్రాతలు నశించుట వేఱు. గాదె తలుపు బిగిసినంత మాత్రమున లోని ధాన్యము పోయినట్లు కాదు. అప్‌డేటు పిదప వచ్చు ఈ జబ్బులో సామాన్యముగా చెడునది తలుపే గాని ధాన్యము కాదు. ఈ భేదము తెలియనివాడు తలుపు తీయలేక గాదెకే నిప్పు పెట్టును.

లైనక్సు అనగా నేమో కొంచెము చెప్పవలెను. 1991 లో ఫిన్లండు దేశమున హెల్సింకి విశ్వవిద్యాలయమున చదువుచుండిన లైనస్ టోర్వాల్డ్స్ అను విద్యార్థి తన కంప్యూటరు కొఱకు ఒక కెర్నెలు వ్రాసి, దానిని లోకమునకు వెల్లడించెను. కెర్నెలనగా ఆంగ్లమున గింజలోని పప్పు. జ్ఞాపకము, డిస్కు, మీటలపలక, తెఱ అను అంగముల నన్నింటిని ఏలు మూలభాగమునకు ఆ పేరు పెట్టిరి. అంతకు పూర్వమే 1983 లో అమెరికాలో రిచర్డ్ స్టాల్మన్ అనునాయన, కంప్యూటరు పనిముట్లను ఎవరైనను వాడుకొనుటకును, విప్పి చూచుటకును, మార్చుటకును, పదిమందికి పంచుటకును స్వాతంత్ర్యము ఉండవలెనని గ్నూ అను ఉద్యమమును ప్రకటించి యుండెను. ఆ పనిముట్లును ఈ కెర్నెలును కలిసినవి. 1993 లో డెబియన్ అను కూర్పు మొదలయ్యెను. దాని నాధారము చేసికొని 2004 లో ఉబుంటు వెలువడెను. మన హైదరాబాదులోని స్వేచ్ఛ అను సంస్థవారు తెలుగున పలుకు లైనక్సును కూడ సమకూర్చిరి. నేను చెప్పబోవు ఉపాయములు ఉబుంటు, డెబియన్ కుటుంబమునకు సరిపోవును. తక్కిన కూర్పులకు తత్త్వ మొక్కటే, మంత్రములు వేఱు.

ఇక యంత్రము మేల్కొను క్రమము. మీట నొక్కిన క్షణమునుండి మనకు పరిచితమైన తెఱ కనబడువఱకు నలుగురు వరుసగా లేచి, ఒకరు మఱియొకరిని లేపుదురు. మొదటివాడు యంత్రమునకు పుట్టుకతోడనే వచ్చినవాడు. లోపలి పలకపై నొక చిన్న చిప్పులో నివసించును. పాత యంత్రములలో ఇతనిని బయోస్ అనియు, క్రొత్తవానిలో యూఈఎఫ్‌ఐ అనియు అందురు. ఇతడు అంగములను ఒకమాఱు తడవి చూచి, డిస్కులో నిర్ణీతస్థానమున నున్న రెండవవానిని పిలుచును. ఆ రెండవవాని పేరు గ్రబ్. ఇతడు ద్వారపాలకుడు, ఏయే కెర్నెళ్ళు ఉన్నవో, వానిలో దేనిని లేపవలెనో తెలుపు పట్టిక ఇతనియొద్ద నుండును. మూడవది కెర్నెలు. నాల్గవది సిస్టమ్‌డి, ఇది కెర్నెలు లేచిన పిమ్మట తక్కిన పరిచారకులందఱిని ఎవరి పనిలో వారిని పెట్టును.

మూడవదానియొద్ద ఒక చిక్కు కలదు. తర్కము చదివినవారికి ఇది ముచ్చట గొల్పును. కెర్నెలు లేచిన తోడనే డిస్కును తెఱవవలెను. డిస్కును చదువుటకు ఆ జాతి డిస్కునకు తగిన డ్రైవరు అను సాధనము కావలెను. ఆ డ్రైవరు ఎచట నున్నది? డిస్కులోనే యున్నది! డ్రైవరు లేక డిస్కు తెఱచుకొనదు. డిస్కు తెఱచుకొనక డ్రైవరు దొరకదు. మనవారు అన్యోన్యాశ్రయ దోషమని చెప్పినది ఇదియే. పెట్టె తాళపుచెవిని పెట్టెలోనే పెట్టి మూసినట్లున్నది. ఎంతటి నేర్పరియైన నటుడును తన భుజముపై తానెక్కజాలడని మన తార్కికులు చెప్పుదురు. చిత్రమేమనగా, యంత్రమును మేల్కొలుపుటకు ఆంగ్లమున వాడు బూటు అను మాటకును మూలమదే: తన బూట్ల పట్టీలను తానే పట్టుకొని తన్ను తాను పైకెత్తుకొనుట యని అర్థము. తూర్పువారికిని పడమటివారికిని ఒకే అసంభవము తోచినది.

ఈ చిక్కు విడదీయుటకు వారు కనిపెట్టిన ఉపాయము చక్కనిది. అత్యవసరములైన తాళపుచెవులను మాత్రము ఒక చిన్న మూటగా కట్టి, కెర్నెలు ప్రక్కనే బూట్ అను అఱలో ఉంచిరి. ద్వారపాలకుడైన గ్రబ్, మొదటివాని సాయమున డిస్కులోని ఆ యొక్క అఱను చదువగలడు. అతడు కెర్నెలును జ్ఞాపకములోనికి ఎత్తునపుడు ఆ మూటను కూడ ఎత్తి దాని చేతి కిచ్చును. కెర్నెలు మూట విప్పి, తగిన తాళపుచెవి తీసి, పెద్ద డిస్కును తెఱచును. ఈ మూట పేరు ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్. పలుకుటకు నాలుక తిరుగదు కావున తాళపుమూట యందును. ఒక్కొక్క కెర్నెలునకు దాని మూట దానికే యుండును. ఒకదాని మూట వేఱొకదానికి పనికిరాదు.

కెర్నెలునకు అప్‌డేటు వచ్చినపుడు జరుగునది మూడు పనులు. క్రొత్త కెర్నెలు బూట్ అఱలోనికి వచ్చును. దానికి క్రొత్త మూట కట్టబడును. గ్రబ్ పట్టిక తిరిగి వ్రాయబడును. పాత కెర్నెలు నిన్నటివఱకు నడచిన తన మూటతో సహా ప్రక్కన అట్లే యుండును. క్రొత్త కోడలు వచ్చినదని అత్తగారిని వెంటనే ఇల్లు వెడలగొట్టని ఈ మర్యాద నాకు మిక్కిలి నచ్చినది. మనకు రక్షణ కలుగునదియు దీనివలననే.

మా గ్రంథాలయమున జరిగినది చెప్పెదను. ఆ కంప్యూటరులో మా యూరి వృద్ధస్త్రీలు పాడిన మేలుకొలుపులు, నలుగుపాటలు, దంపుళ్ళపాటలు కొన్ని యేండ్లుగా పట్టి యుంచినవి గలవు. పాడినవారిలో ఇద్దఱు 2021 లో కాలధర్మము నొందిరి. వారి కంఠములు ఆ పెట్టెలో తప్ప ఈ లోకమున మఱెచటను లేవు. ఒకనాటి సాయంకాలము అప్‌డేటు సాగుచుండగా తెఱమీద స్థలము చాలదని యొక సూచన మెఱసి పోయెను. దాని నెవరును లక్ష్యపెట్టలేదు. మఱునా డుదయమున యంత్రము కెర్నెల్ పానిక్ అని వ్రాసి, మూలమైన డిస్కుభాగమును తెఱవలేకపోయితినని చెప్పి, అన్‌నోన్ బ్లాక్ సున్న, సున్న అను మాటలతో నిలిచిపోయెను. పానిక్ అనగా గాబరా. యంత్రమే గాబరా పడితినని చెప్పుకొనగా మనుష్యులు పడుట వింతగాదు.

పట్టణమునుండి వచ్చిన మరమ్మతు కుఱ్ఱవాడు తెఱవంక చూచి, "మాస్టారూ, ఇదంతా చెరిపేసి కొత్తగా ఎక్కిస్తే గంటలో పని అయిపోతుంది," అనెను. "మఱి పాటలో?" అని యడిగితిని. "పోయినట్టేనండి. అయినా పాటలకేముందండీ, ఫోన్లో బోలెడు దొరుకుతాయి," అనెను. ఎలుకమీది కోపమున ఇల్లు తగులబెట్టుకొనుట యనగా నిదియే. వానికి కాఫీ ఇచ్చి, రానుపోను ఖర్చులిచ్చి పంపివేసితిని. పిమ్మట డిగ్రీ చదువుచున్న నా పూర్వశిష్యు నొకనిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని పని మొదలిడితిని.

అన్‌నోన్ బ్లాక్ సున్న, సున్న అను మాటకు అర్థమేమి? కెర్నెలు లేచినది, కావున మొదటివాడును గ్రబ్బును క్షేమము. అది డిస్కు నొకదానిని కూడ చూడలేకున్నది. కావున చేతిలో తాళపుమూట లేదు. వైద్యుడు నాడి పట్టినట్లు, ఎవనియొద్ద ఆగినదో తెలిసికొనుటయే ఈ విద్యలో సగము. అక్షరమైనను కనబడనిచో మొదటివానిని అనుమానింపవలెను. గ్రబ్ అనియో గ్రబ్ రెస్క్యూ అనియో వ్రాసి నిలిచినచో రెండవవానిని. గాబరా మాట కనబడినచో మూడవదానిని. ఎమర్జెన్సీ మోడ్ అని కనబడినచో కెర్నెలు చక్కగా లేచి, నాల్గవదానియొద్ద ఏదో డిస్కుభాగము దొరకక ఆగినదని తలపవలెను. తెఱమీది పంక్తులను ఫోనుతో ఫోటో తీసి యుంచుడు. తరువాత ఎవరి నడిగినను మొదట ఆ మాటలే చెప్పు మందురు.

చికిత్స యిట్లు సాగినది. యంత్రము నార్పి, తిరిగి వెలిగించి, వెంటనే ఎస్కేప్ మీట ఒకమాఱు నొక్కితిమి. పాత బయోస్ యంత్రములలో దీనికి మాఱుగా షిఫ్టు మీట నొక్కి పట్టవలెను. సామాన్యముగా దాగియుండు గ్రబ్ పట్టిక అపుడు బయటపడును. ఆతురతతో ఎస్కేపును పలుమాఱులు నొక్కినచో పట్టికను దాటి గ్రబ్ మాటవఱుసలోనికి పోవుదురు. భయములేదు, ఆర్పి వెలిగించిన చాలును. పట్టికలో రెండవ పంక్తి అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ అని యుండును. దానిని తెఱువగా కెర్నెళ్ళన్నియు సంఖ్యలతో కనబడును. పై నున్నది క్రొత్తది. క్రింద తక్కువ సంఖ్యతో నున్నది పాతది. పాతదానిని ఎన్నుకొని ఎంటరు నొక్కితిమి. అర నిమిషములో నిన్నటి తెఱ ప్రత్యక్షమయ్యెను. పాటల సంచయము తెఱచి మొదటి మేలుకొలుపు వినిపించితిమి. బయట అరుగుమీద కూర్చున్నవారు గొంతు గుర్తుపట్టి లోనికి వచ్చిరి.

రోగి కన్నులు తెఱచినంత మాత్రమున రోగము పోయినట్లు కాదు. అయితే మందు వేయుటకంటె ముందు చేయవలసిన పని వేఱొకటి కలదు. వెంటనే బయటి డిస్కు తగిలించి, పాటలన్నియు దానిలోనికి నకలు తీసితిమి. అటుపిమ్మటనే తక్కినది.

టెర్మినల్ అను నల్లని కిటికీ తెఱచి, డి ఎఫ్, ఖాళీ, హైఫన్ హెచ్, ఖాళీ, స్లాష్ బూట్ అని వ్రాయగా బూట్ అఱ నూటికి నూఱుపాళ్ళు నిండియున్నదని తెలిసెను. వ్యవస్థను మొదట ఎక్కించినవారు ఆ యఱను ఐదువందల మెగాబైట్లతో కట్టియుండిరి. ఈ కాలపు మూటలు పెద్దవి. పాత కెర్నెళ్ళు మూడును మూటలతో అందు కూర్చుండగా, నాల్గవదాని మూట కట్టుటకు చోటు చాలలేదు. కెర్నెలు వచ్చినది, మూట రాలేదు, పట్టికలో మాత్రము క్రొత్తపేరు పైకెక్కినది. అంతయు ఇంతే! ఇందులకు రెండు మరణించిన కంఠములను బలి యీయవలసి యుండెనట.

ఇపుడు ఏది నడచుచున్నదో ముందు తెలిసికొనవలెను. యునేమ్, ఖాళీ, హైఫన్ ఆర్ అని వ్రాసిన ఆ సంఖ్య చెప్పును. ఆ సంఖ్యగల కెర్నెలును ఎట్టి పరిస్థితిలోను తొలగింపరాదు. మనము కూర్చున్న కొమ్మ అది. తక్కిన పాతవానిలో మిక్కిలి పాతదానిని తొలగింపవలెను. సామాన్యముగా సుడో ఆప్ట్ ఆటోరిమూవ్ అను ఆజ్ఞ ఈ పని తానే చేయును. మా యంత్రమున అప్‌డేటు సగములో నిలిచియుండుటచే అది మొఱాయించెను. అపుడు డిపికెజి అను క్రింది యధికారి ద్వారా, పర్జ్ అను ఆజ్ఞతో, ఆ పాత కెర్నెలు పేరు చెప్పి తీసివేయించితిమి. కొందఱు నేరుగా బూట్ అఱలోనికి పోయి దస్త్రములను చేతితో చెఱపుదురు. అది హాజరుపట్టీలో పేరు కొట్టివేయక పిల్లవానిని బడినుండి పంపివేసినట్లు. తరువాత లెక్క కుదురక మఱియొక తంటా వచ్చును.

చోటు కలిగిన పిదప మూడు ఆజ్ఞలు. సుడో డిపికెజి, హైఫన్ హైఫన్ కాన్ఫిగర్, హైఫన్ ఏ అనునది సగములో నిలిచిన పనిని పూర్తిచేయించును. సుడో అప్‌డేట్ హైఫన్ ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్, హైఫన్ యు, హైఫన్ కె, ఆల్ అనునది అన్ని కెర్నెళ్ళకు మూటలు తిరిగి కట్టించును. సుడో అప్‌డేట్ హైఫన్ గ్రబ్ అనునది పట్టికను సరిచేయును. ఒక్కొక్కదానికి వచ్చు జవాబును పూర్తిగా చదువుడు; తప్పు అని చెప్పినచో తరువాతి మెట్టెక్కరాదు. మాకు ఏ అభ్యంతరమును రాలేదు. యంత్రము నార్పి వెలిగింపగా క్రొత్త కెర్నెలుతోనే లేచినది.

అన్ని రోగములును ఇంత సులభములు కావు. పాత కెర్నెలుతో కూడ లేవనిచో, లేక గ్రబ్బే చెడినచో, ఉబుంటును ఎక్కించిన పెన్‌డ్రైవు కావలెను. యంత్రమును దానినుండి లేపినచో, లోని డిస్కును ముట్టకయే పూర్తి వ్యవస్థ నడచును. ఇచట మిక్కిలి మెలకువ వలయును. ట్రై అను మాటకు పరీక్షించి చూచుట యని యర్థము, దానినే యెన్నుకొనుడు. ఇన్‌స్టాల్ అను మార్గమున పోయినచో నడుమ ఎరేజ్ డిస్క్ అను మాట ఎదురగును. డిస్కును తుడిచివేయుట యని దాని భావము. మరమ్మతువాని చేయి పట్టుకొని ఆపవలసిన చోటు అది. ట్రై మార్గమున లోనికి పోయి, డిస్కులోని హోమ్ అను సంచయమును తెఱచి, వ్రాతలన్నియు ముందు బయటికి తీసికొనవలెను. డిస్కునకు రహస్యలిపి వేసియున్నచో దాని సంకేతపదము కావలెను. అది లేనిచో ఎవరివలనను కాదు. గ్రంథాలయపు సంకేతపదమును ఒక్కని జ్ఞాపకమునకే విడిచిపెట్టకుడు.

పిమ్మట సీహెచ్‌రూట్ అను విద్య కలదు. పెన్‌డ్రైవునుండి జీవించుచున్న వ్యవస్థ, నిద్రించుచున్న డిస్కులోని వ్యవస్థలో ప్రవేశించి, దాని చేతులతోనే దానికి చికిత్స చేయును. పరకాయప్రవేశ మనిన మీకు వేఱు వ్యాఖ్యానము వలదు. అందు ప్రవేశించిన పిదప వాడునవి పై మూడు ఆజ్ఞలును, గ్రబ్బును తిరిగి నెలకొల్పు గ్రబ్ ఇన్‌స్టాల్ అను ఆజ్ఞయును. దీనికి చేయి తిరిగినవాడు ప్రక్కన ఉండుట మేలు.

చిహ్నము కనబడి పిదప తెఱ నల్లబడినచో, చిత్రములను చూపు డ్రైవరు క్రొత్త కెర్నెలుతో పొసగలేదని యనుమానింపవచ్చును. గ్రబ్ పట్టికలో ఇ అక్షరము నొక్కి, లైనక్స్ అని మొదలగు పంక్తి చివర నోమోడ్‌సెట్ అని చేర్చి, ఎఫ్ 10 నొక్కిన, ఆ యొక్క మాఱునకు సాధారణ చిత్రముతో లేచును. డిస్కునుండి టిక్కు టిక్కుమను చప్పుడు వచ్చినచో మాత్రము పై మాటలన్నియు విడిచిపెట్టి యంత్రము నార్పుడు. అది అప్‌డేటు జబ్బు కాదు, డిస్కు ముదిమి. ధాన్యమునకే ముప్పు వచ్చు సందర్భ మది.

ఇట్టిది మీ యూరి దౌర్భాగ్యమని తలంపకుడు. 2020 జులైలో గ్రబ్బులోని యొక రంధ్రమును పూడ్చుటకై రెడ్‌హ్యాట్ వారు పంపిన అప్‌డేటువలన పెక్కు యంత్రములు లేవకపోగా, వారు కొలది దినములలో దానిని సవరించిరి. 2024 ఆగస్టులో మైక్రోసాఫ్టువారి విండోసు అప్‌డేటు వచ్చినపుడు, విండోసును లైనక్సును ఒకే యంత్రమున ఉంచుకొనినవారిలో చాలమందికి లైనక్సు లేవకపోయెను. అందులకు అప్‌డేట్లే మానుకొనుట తగదు; అవి దొంగలు దూరు కన్నములను పూడ్చునవి.

ఇపుడు మా గ్రంథాలయమున అప్‌డేటునకు శనివారపు మధ్యాహ్నము నియమించితిమి. ఆదివారము పాఠకులు వచ్చులోగా చెడినది సవరించుకొనుటకు వ్యవధి యుండును. కరెంటు పోయినను పని సగములో నిలువకుండ బ్యాటరీ పెట్టె నొకటి కొంటిమి. మొదట బూట్ అఱలో చోటు చూచి, పాటలకు నకలు తీసి, అపుడే అనుమతి నిత్తుము. నకళ్ళు రెండు, ఒకటి బీరువాలో, రెండవది పాఠశాలలో. మేల్కొలుపు పెన్‌డ్రైవునకు చీటి కట్టి, బీరువా తాళపుచెవులతో పాటు ఒకే కొక్కెమునకు తగిలించితిమి.